సొర నూనె తాగిన తుపాకీ

ఆ రోజుల్లో మగవాడి చేతిలో తుపాకీ ఒకటి ఉంటే చాలు, మిగతావన్నీ వాటంతటవే నడిచొస్తాయని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. గౌరవం, పెళ్లి సంబంధం, దుకాణంలో కుర్చీ జరిపి కూర్చోమనే మర్యాద, అన్నీ. అది ఎలకల్ని కొట్టే గాలి తుపాకీ అయినా సరే. (ఆ వయసులో నాకు మీసమైనా సరిగ్గా మొలవలేదు, కాబట్టి నమ్మకం తప్ప ఇంకేం ఉంటుంది?) ఇప్పటి కుర్రాళ్లు ఏదైనా కొనాలంటే ఫోనులో నాలుగు మాటలు చదివి ఇంట్లో కూర్చునే తెప్పించుకుంటున్నారు. నా మొదటి తుపాకీని మాత్రం మా ఇంటిల్లిపాదీ కలిసి ఎంచారు, కలిసి ముస్తాబు చేశారు, కలిసే దాని కొంప ముంచారు. మునిగిన కొంప మళ్లీ ఎలా తేలిందో చెప్పాలనే ఇదంతా మొదలుపెట్టాను.

మాది శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే చేపల ఊరు. వేటకి వెళ్లే ముందు అందరూ ఆకాశం చూస్తారు కదా, మా ఊళ్లోవాళ్లు ఆకాశాన్ని వదిలేసి మా నాన్న మొహం చూసేవారు. ఆయన పడవ దింపితే దింపేవారు, ఆయన బీడీ ముట్టించి ఇసకలో కూలబడితే వాళ్లూ కూలబడేవారు. అంతటి మనిషికి పుట్టిన ఒక్కగానొక్క కొడుకుని నేను. నాకు సముద్రం పడదు. పడకపోవడమంటే అలా ఇలా కాదు, పడవ ఇంకా మోకాలి లోతు నీళ్లలో ఉండగానే పొద్దున తిన్న చద్దన్నం బయటికొచ్చేసేది. నాన్నమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది, ఎవరో చెప్పారని ఎండు ఉసిరికాయ బుగ్గన పెట్టి పంపింది. ఆ ఉసిరికాయా సముద్రంలోనే కలిసింది. "మావా, మీ గుంటడు వల ఎయ్యకపోనా సేపలకి మేత బాగా ఏస్తన్నాడు" అని నాన్న తోటివాళ్లు నవ్వుతుంటే, ఆయన మాత్రం నవ్వకుండా దూరంగా నీళ్లకేసి చూసేవాడు.

నన్ను ఆదుకున్నవాడు మా మేనత్త కొడుకు. ఆమదాలవలసలో చెదలకీ దోమలకీ బొద్దింకలకీ మందు కొట్టే పని అతనిది. వీపున పొగ మిషను వేసుకుని వీధిలో నడుస్తుంటే ముందు పొగ, వెనక పిల్లలు, మధ్యలో ఎక్కడో తను కనిపించేవాడు కాబట్టి ఊరంతటికీ పొగబావే. నేను అతని దగ్గర పనికి చేరతానంటే నాన్న వల కుట్టుకుంటూనే అన్నాడు: "సరే, ఎల్లు. కొత్త ధాన్యం దిగీదాకా సూస్తాను. ఆ పని నీకు నిలబడితే నీ బతుకు నీది. నేదంటే మళ్లీ మాటాడకుండా పడవెక్కాల." నేను తలూపాను.

ఇక మిల్లు సంగతి. ఆమదాలవలసలో పొగబావకి దొరికిన ఒకే ఒక్క పెద్ద బేరం ఒక బియ్యం మిల్లు. ఆ షావుకారు మంచివాడే గానీ నీచు సంగతెత్తితే ఆమడ దూరం పారిపోయే రకం. కలాసీలు (అంటే బస్తాలు మోసేవాళ్లు) చేపల కూర తెచ్చుకుంటే మిల్లు గేటు బయట తిని, నోరు పుక్కిలించి, తమలపాకు నమిలి మరీ లోపలికి రావాలి. అలాంటి మిల్లులో ఎలకలు పడ్డాయి. పడ్డాయనడం వాటికి తక్కువ. దూలాల మీద పెళ్లి ఊరేగింపు వెళ్తున్నట్టు వరసగా వెళ్లేవి, కింద మనుషులున్నారన్న వెరపు కూడా లేకుండా. షావుకారు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు: "మందు ఎట్టకండి, తిన్న ఎలక బస్తాలో సచ్చి కుళ్లిపోతాది. బోన్లు ఒద్దు, కిందటిసారి కలాసీ ఏలు పట్టీసింది. అన్నిటికంటే ముక్కెం, వాసన ఒద్దు. మీ పొగలూ గిగలూ నా గుమ్మంలోకి రాకూడదు. కొత్త ధాన్యం దిగీలోపు ఎలక కనపడకూడదు. కనపడిందా, ఇసాపట్నం నుంచి పెద్ద కంపెనీని పిలుస్తాను." పొగ వద్దన్నాక పొగబావ దగ్గర ఇంకేం మిగిలింది? దారిలో టీ కొట్టు దగ్గర నెత్తి పట్టుకుని కూచున్నాడు. అప్పుడే నా నోటి నుంచి ఆ మాట వచ్చింది: "బావా, తుపాకీ కొందాం."

ఆ మాట నాకు ఊరికే రాలేదు. కొత్తగా వేలితో రుద్దే ఫోను కొనుక్కున్నాను, మా ఊళ్లో మంచినీళ్ల ట్యాంకు మెట్లెక్కితేనే దానికి సిగ్నలు. ఆ మెట్ల మీద కూచుని, దేశం కాని దేశంలో తెల్లవాళ్లు గడ్డిలో బోర్లా పడుకుని దుర్భిణి ఉన్న తుపాకీలతో ఎలకల్ని కొట్టడం చూసేవాణ్ణి. బొమ్మ కాస్త కదిలి, ఆగి, చక్రం తిరిగి, మళ్లీ కదిలేసరికి ఎలక చచ్చిపోయి ఉండేది. అసలు ఎలా కొట్టాడో మాత్రం ఒక్కసారి కూడా కనిపించలేదు. అయినా నా చదువు పూర్తయిందనే అనుకున్నాను.

ఇంట్లో చెబితే అమ్మ ముందు హడలిపోయింది, తర్వాత "తీర్థంలో బుడగలు పేలుస్తారు, ఆ తుపాకీయేటి?" అని తెలుసుకుని నవ్వేసింది. నాన్న మాత్రం, "గాలికి పడవ నడుస్తాది గానీ ఎలక సస్తాదేటిరా?" అని, మర్నాడు తెల్లారేసరికి ఉతికిన చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు. "నానూ వస్తాను. నీకు కర్ర ఎంచడం సేతకాదు." అలా ముగ్గురం ప్యాసింజరెక్కి విజయనగరం వెళ్లాం. అక్కడ ఆటసామాన్లమ్మే ఒక దుకాణంలో క్యారంబోర్డులకీ గెలుపు కప్పులకీ వెనకాల గోడకి మూడు గాలి తుపాకీలు వేలాడుతున్నాయి. వాటికి లైసెన్సు అక్కర్లేదని, ఆధార్ కాపీ ఇస్తే చాలని దుకాణదారు చెప్పాడు. నా కళ్లు దుర్భిణి ఉన్నదాని మీద అతుక్కుపోయాయి. పొగబావ కళ్లు ప్లాస్టిక్ వెనక్కర్ర ఉన్న తేలికైనదాని మీద. (మొయ్యాల్సింది నేనే అయినా అతనికి అలసట ముందుగానే వచ్చేస్తుంది.) నాన్న దేన్నీ చూడకుండా, "కిందకి దించండి బాబూ" అని, తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

ముందు దుర్భిణి తుపాకీ ఎత్తి, ఒక కన్ను మూసి, రోడ్డుకి అవతల ఉన్న టీ కొట్టుకేసి చూశాడు. "అడుగో, పాలల్లో నీళ్లు కలిపీస్తన్నాడు" అని, నాకేసి తిరిగి, "ఎలక నీకెంత దూరాన్న ఉంటాదిరా? నెత్తి మీద దూలానే కదా. దాన్ని సూడ్డానికి ఇదేల?" అన్నాడు. ఆ మోజు అక్కడితో తెగింది. తర్వాత చెక్క వెనక్కర్ర ఉన్న పాతకాలపు బరువు తుపాకీ తీసుకుని, వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. గోటితో గీశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన చూశాడు. "ఇరవయ్యేళ్లుగా అమ్ముతున్నాను గానీ, వాసన చూసి తుపాకీ కొన్నవాళ్లని ఇదే చూడడం" అన్నాడు దుకాణదారు. "కర్ర పచ్చిదైతే వాసనొస్తాది బాబూ. పచ్చి కర్ర పడవకి పనికిరాదు" అన్నాడు నాన్న, పడవ కొనడానికే వచ్చినట్టు. ఇంతలో దుకాణదారు గుండు ఎలా పెట్టాలో చూపిద్దామని గొట్టం పట్టుకుని మధ్యకి టక్కున వంచాడు. నాన్న కేక పెట్టాడు: "ఒరే, ఇరిసీసినాడ్రా! మనం కొనకముందే ఇరిసీసినాడు!" అది అలాగే విరుస్తారని, విరిచినచోట ఉన్న చిన్న బెజ్జంలోంచే గాలి వచ్చి సీసపు గుండుని తోస్తుందని ఆయనకి నచ్చజెప్పేసరికి దుకాణదారు చొక్కా తడిసింది. నాన్న ఆ బెజ్జంలోకి చాలాసేపు చూశాడు. "అయితే ఇది దీని నోరన్నమాట" అన్నాడు. ఆ మాట అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

ఆఖరికి పరీక్ష నాకు పెట్టాడు. తేలిక తుపాకీ ఒకసారి, బరువుది ఒకసారి గురిపెట్టి నిలబడమని, "టీ తాగొచ్చీదాకా కదలకు" అని, పొగబావనీ దుకాణదారునీ వెంటబెట్టుకుని రోడ్డు దాటాడు. (నీళ్లు కలిపిన పాల టీయే తాగారు, మళ్లీ.) నేను క్యారంబోర్డుల మధ్య కొయ్యబారి నిలబడితే, షటిల్ బ్యాటు కోసం వచ్చిన ఒకావిడ నన్ను కాపలావాడనుకుని, "బాబూ, కాల్చకు, బ్యాటు సూసుకుని ఎల్లిపోతాను" అంది. అద్దంలోంచి నాన్న అంతా చూస్తూనే ఉన్నాడట. తేలిక తుపాకీ కొస నా గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎగిరిందని, బరువుది కుదురుగా ఉందని లోపలికొచ్చి తీర్పు చెప్పాడు. "బరువు నేని పడవని కెరటం ఆడించీస్తాది. ఇదే తీసుకో." అదే తీసుకున్నాం. తిరుగు రైల్లో దాన్ని పాత వలలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూచున్నాడు, నాకు కూడా ఇవ్వలేదు.

ఇక్కడ మా ఊరి ఆనవాయితీ ఒకటి చెప్పకపోతే కథ నడవదు. కొత్త పడవ నీటిలో దింపే ముందు పసుపు రాసి, బొట్టు పెట్టి, వేపమండ కట్టి, గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి, ఆ పైన సొర నూనె పట్టిస్తారు. సొర చేప కాలేయం మరిగిస్తే వచ్చే నూనె అది. చెక్క పడవల కాలంలో కర్ర నానకుండా రాసేవారు. ఫైబరు పడవలు వచ్చాక దాని అవసరం లేదు, అయినా నాన్న మానలేదు. "పోసించీదానికి నూనె ఎట్టకుండా పనిలోకి దించీస్తామేటి?" అనేవాడు. ఆ సాయంత్రం నేను ట్యాంకు మెట్ల మీద, గురి ఎలా సరిచూసుకోవాలో చెప్పే వీడియోలో చక్రం తిరుగుతుంటే చూస్తూ కూచున్నాను. తిరిగొచ్చేసరికి వాకిట్లో పీట మీద తుపాకీ. చెక్కకి పసుపు, గొట్టానికి మూడు బొట్లు, మీట దగ్గర వేపమండ, పక్కన కొబ్బరిచిప్పలు, నాన్నమ్మ చేతులు జోడించి నిలబడి ఉంది. నాన్న సొర నూనె సీసా మూత బిగిస్తున్నాడు. సీసా సగమైంది. "పైనంతా రాసినాను. ఇరిసి నోరు తెరిపించి లోపలా పోసినాను. ఎంత పోస్తే అంత తాగిందిరా, మా గొప్ప దాహం మీదున్నాది" అన్నాడు. విరిచి చూస్తే ఎంత నున్నగా కదిలిందో! నేనూ మురిసిపోయాను.

మిల్లు ఆపిన ఆదివారం పగలు ముహూర్తం. షావుకారు, కలాసీలు, పొగబావ, ఉతికిన చొక్కాలో మా నాన్న, అందరూ తలలెత్తి దూలాలకేసి చూస్తున్నారు. లోపలికి రాగానే షావుకారు ముక్కు ఎగబీల్చి, "ఏటో వాసనొస్తన్నాది" అన్నాడు. "కొత్త సామాను కదండి" అన్నాడు పొగబావ. నేను బస్తా మీద ఒక మోకాలానించి, దూలం మీద తాపీగా నడిచొస్తున్న లావుపాటి ఎలకకి గురిపెట్టి, తెల్లవాళ్లలా ఊపిరి బిగబట్టి, మీట నొక్కాను.

గాలి తుపాకీ చప్పుడు ఇంతే కదా, టప్ అంటుంది. మాది ఢామ్మంది. గొట్టంలోంచి తెల్లటి పొగ బారెడు వచ్చింది. "బాయిలరు పేలిపోనాదిరో!" అని కలాసీలు గేటుకేసి పరుగు. షావుకారు వెనక్కి పడ్డాడు, పడింది తవుడు కుప్పలో కాబట్టి బతికిపోయాడు గానీ, మనిషి మొత్తం కనిపించకుండా పోయాడు. గుండు పైకప్పు రేకుకి చిల్లు పెట్టుకుని పోయింది, అందులోంచి సన్నగా ఎండ పడింది. నేను కొట్టబోయిన ఎలక మాత్రం ఆ ఎండ పక్కనే కూచుని మీసాలు దువ్వుకుంటోంది. "అదీ దెబ్బంటే!" అన్నాడు నాన్న, ఆయనకి ఆ చప్పుడు బాగా నచ్చింది. పొగబావ నా చెవిలో, "మొదటిది ఏటో పొరపాటు. ఇంకోపాలి కొట్టు, పరువు పోతన్నాది" అన్నాడు. కొట్టాను. మళ్లీ ఢాం, ఈసారి నూనె కూడా తుంపర తుంపరగా వెళ్లి దూలానికి పట్టింది. ఆ తర్వాత వచ్చింది వాసన. కాలిన సొర నూనె వాసన తట్టుకోవాలంటే మా ఊళ్లో పుట్టినవాడికి కూడా కాస్త నిబ్బరం కావాలి. తవుడులోంచి లేచిన షావుకారు పంచె కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. "నా మిల్లులో నీచు! నా మిల్లులో! నువ్వూ, మీ నాన్నా, మీ ఫిరంగీ, ముగ్గురూ బయటికెల్లిపోండి!" నిచ్చెనెక్కి దొరికిన గోనె పీలికలతో దూలం గబగబా తుడిచి, ఆ పీలికలు అక్కడే అటక మీద కుక్కి, కిందకి దిగి బయటపడ్డాను. పొగబావ మమ్మల్ని గేటు దగ్గరే వదిలేసి సైకిలెక్కి వెళ్లిపోయాడు.

మాటంటే మాటే. నాన్న నన్ను తిట్టలేదు. మర్నాడు చీకటి విడిచీ విడవకముందే లేపి, పడవ వైపు చెయ్యి చూపించాడంతే. ఎక్కాను. మోకాలి లోతులోనే మొదలైంది, కెరటాలు విరిగే చోటు దాటేసరికి నాలో కక్కడానికి ఏమీ మిగల్లేదు, ఒట్టి ఏడుపు తప్ప. నిజంగానే ఏడ్చాను. ఇక నా బతుకంతా ఈ అంచు పట్టుకుని వేలాడడమే అనిపించింది. నాన్న ఇంజను దగ్గర నుంచే నీళ్ల డబ్బా నా వైపు తోసి, "తుపాకీ మంచిదేరా. మిల్లే మంచిది కాదు" అన్నాడు. ఆయన ఓదార్పులు ఎప్పుడూ అలాగే ఉంటాయి.

అలా ఆ వారమంతా గడిచింది. ఒకరోజు వేట నుంచి తిరిగొచ్చి ట్యాంకు మెట్లెక్కగానే, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన నా ఫోను మోగింది. పొగబావ. "షావుకారు రమ్మంటన్నాడు. నిన్నూ మావనీ. ఏలో సెప్పనేదు. ముక్కుకి తువ్వాలు కట్టుకుని మాటాడతన్నాడు." రేకు చిల్లుకి మూల్యం కట్టమంటాడనుకుంటూ వెళ్లాం. మిల్లు లోపలికి అడుగుపెట్టి ఆగిపోయాను. పిల్లులు. బస్తాల మీద పిల్లులు, కాటా మీద పిల్లి, షావుకారు కుర్చీలో పిల్లి, అటక మీద నేను కుక్కిన గోనె పీలికల చుట్టూ బంధువుల్లా చేరి పడుకున్న పిల్లులు. చేపల బజారు పిల్లులన్నీ వాసన పట్టుకుని వచ్చేశాయి. నూనె నాకడానికి వచ్చాయి, నాకడం అయ్యాక చుట్టూ చూశాయి, ఇంత విందు ఇక్కడుండగా బజారెందుకనుకున్నాయి. దూలాల మీద ఒక్క ఎలక లేదు. తువ్వాలు వెనక నుంచి షావుకారు అడిగాడు: "ఆ నూనె ఇంకా ఉన్నాదేటి?"

నాన్న ఛాతీ ముందుకొచ్చింది. "ఎందుకు నేదు బాబూ? సీసా సగమున్నాది." షావుకారు కళ్లు మూసుకుని, మందు మింగేవాడిలా చెప్పాడు: "వాసన తగ్గినప్పుడల్లా వచ్చి ఆ అటక మీద కాసింత రాసి పొండి. బస్తాలకి తగలకూడదు. మిల్లు పని మీకే. కానీ ఒరే అబ్బాయ్, ఆ తుపాకీ నా గుమ్మం దాటి లోపలికి తెచ్చేవంటే మర్యాదుండదు." అలా తుపాకీ తేకూడదన్న షరతు మీద నాకు తుపాకీ ఉద్యోగం ఖాయమైంది. బయటికొచ్చాక నాన్న నా భుజం మీద చెయ్యి వేసి, "సూసేవా? నూనె ఎట్టబట్టే పని సేసిందది" అన్నాడు. ఆయన దృష్టిలో అదంతా తుపాకీ మహిమే. ఇక పడవ మాట ఎత్తలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా.

ఆ ఢామ్ ఎందుకొచ్చిందో చాన్నాళ్ల తర్వాత విజయనగరం దుకాణదారు చెప్పాడు, కడుపు పట్టుకుని నవ్వి నవ్వి. లోపల గాలి ఒక్కసారిగా నొక్కుకుంటే వేడెక్కుతుందట, అక్కడ నూనె ఉంటే భగ్గుమంటుందట, అందుకే ఆ బెజ్జంలో చుక్క కూడా పోయకూడదట. ఇప్పుడు నాకు సొంత వ్యాపారం ఉంది, వ్యాను ఉంది, దుర్భిణి తుపాకీ కూడా ఉంది (ఎలక నెత్తి మీదే ఉంటుంది కాబట్టి దుర్భిణి వాడిన పాపాన పోలేదు). మొదటి తుపాకీ మాత్రం మా ఊరి ఇంట్లో వలల పక్కన వేలాడుతోంది. దాన్ని చూసినప్పుడల్లా, దుకాణంలో కొయ్యబారి నిలబడి గౌరవం కోసం ఎదురుచూసిన ఆ మీసం లేని కుర్రాడి మీద నవ్వూ జాలీ కలిసి వస్తాయి. వాడికి తెలియని సంగతి ఒకటుంది. నాన్న నూనె ఊరికే దేనికీ రాయడు. ఇంటికి అన్నం పెట్టేదానికే రాస్తాడు. ఆ సాయంత్రం వాకిట్లో, నేను ఒక్క గుండైనా కాల్చకముందే, ఆయన నా పనిని తన పడవ పక్కన కూచోబెట్టేశాడు.

ఏటా పడవకి నూనె పట్టించే రోజున ఆయన తుపాకీ కూడా దించి పీట మీద పెడతాడు. చెక్కకి రాస్తాడు, గొట్టానికి రాస్తాడు, తర్వాత సీసా పట్టుకుని నాకేసి చూస్తాడు. "దాని నోరు తెరిపించరా." నేను విరిచి, ఆ చిన్న బెజ్జానికి బొటనవేలు అడ్డం పెట్టి పట్టుకుంటాను. ఆయన పోస్తాడు. నూనె నా వేలి మీంచి మణికట్టు దాకా కారుతుంది. "తాగిందేటి?" అని అడుగుతాడు. "తాగింది నాన్నా" అంటాను.